బుడమేరు వరదలో నానిన మా స్విఫ్ట్‌కి ముందు వీల్ బేరింగ్ నేనే మార్చుకున్నా – నా అనుభవం

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు మా వీధుల్లోకి వచ్చినప్పుడు మా కారు, 2010 మోడల్ స్విఫ్ట్ పెట్రోలు, గేటు ముందు ర్యాంపు మీద కాస్త ఎత్తులో ఉంది కాబట్టి ఇంజనూ సీట్లూ బతికిపోయాయి గానీ చక్రాలు మాత్రం సగానికి పైగా మునిగి రోజుల తరబడి అలానే నానాయి. నీళ్ళు తీసాక వీధిలో అందరం చేసిందే మేమూ చేసాం, ఆయిల్ మార్పించాం, బ్రేకులు విప్పి కడిగించాం, బ్యాటరీ చూపించాం. చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే వీల్ బేరింగుల గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే అవి లోపల తడిసినా వెంటనే బయటపడవు, నెమ్మదిగా తుప్పు పట్టి అప్పుడు సౌండు మొదలుపెడతాయి.

దసరా అయ్యాక గుంటూరు వెళ్తుంటే హైవే మీద స్పీడు 60 దాటగానే ముందు నుంచి ఒక ఊఁ అనే సౌండు, 80కి ఇంకా పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. టైరు సౌండేమో అనుకునే వాళ్ళు చాలామంది ఉంటారు, నిజమే టైరు ఎగుడుదిగుడుగా అరిగినా దాదాపు ఇలాగే వస్తది, కానీ టైరు సౌండు రోడ్డుని బట్టి మారుతుంది, సిమెంటు రోడ్డు మీద ఒకలా తారు రోడ్డు మీద ఒకలా ఉంటది, బేరింగు సౌండు ఏ రోడ్డైనా ఒకటే. రెండో గుర్తు ఏంటంటే ఖాళీ రోడ్డు మీద స్టీరింగు కొంచెం ఎడమకి తిప్పితే బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది, అప్పుడు సౌండు పెరిగితే కుడి బేరింగు మీద అనుమానపడాలి, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. మాది ఎడమకి తిప్పినప్పుడు బాగా పెరిగేది. న్యూట్రల్‌లో వేసి వదిలేసినా సౌండు అలాగే ఉంది అంటే ఇంజను పని కాదు.

అప్పుడు మాత్రం నేను చేయలేదు, దగ్గర్లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళి మార్పించాను. పక్కనే నుంచుని చూసాను కూడా. నకిల్, అంటే చక్రం వెనక బేరింగుని పట్టుకుని ఉండే ఇనుప భాగం, నేల మీద పెట్టి కొత్త బేరింగు దాని మీద పెట్టి సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ దింపారు, ఆ తర్వాత హబ్, అంటే చక్రాన్ని బిగించే మధ్య భాగం, పెట్టి దాని నెత్తిన పెద్ద సుత్తితో ఠంగు ఠంగుమని కొట్టి కూర్చోబెట్టారు. గంటలో పని అయిపోయింది, సౌండు పోయింది. సంక్రాంతి దాటాక సన్నగా మళ్ళీ మొదలైంది, ఉగాదికి వచ్చేసరికి పాటలు పెట్టుకున్నా వినిపించే అంత అయ్యింది. వెళ్ళి అడిగితే "బేరింగుకి గ్యారంటీ ఏముంటది సార్, డూప్లికేట్ సరుకు వచ్చుంటది" అన్నారు. ఆ డూప్లికేట్ అన్న మాట నాకు ఎక్కలేదు, ఎందుకంటే మంచి కంపెనీ బేరింగు నేనే బిల్లుతో కొని ఇచ్చాను. వరదలో నానిన పాత బేరింగు మాత్రం అడిగి తెచ్చుకుని పెట్టుకున్నా, అది తర్వాత చాలా పనికొచ్చింది, ఆ సంగతి కింద చెప్తా.

సరే ఈసారి మనమే చేద్దాం అని నిర్ణయించుకున్నాక నెల రోజులు దాని గురించే చదివాను, ఆటోనగర్‌లో తెలిసినవాళ్ళని అడిగాను. అందరూ రకరకాలుగా చెప్పిన దాంట్లో అసలు సారం ఒక్కటే అని నాకు అర్థమైంది: బిగించేటప్పుడు పడే ఒత్తిడి బాల్స్ గుండా వెళ్ళకూడదు. బేరింగులో బయటి రింగు ఉంటది, లోపలి రింగు ఉంటది, మధ్యలో బాల్స్. బేరింగుని నకిల్‌లోకి దింపేటప్పుడు బయటి రింగు మీద మాత్రమే నొక్కాలి, ఎందుకంటే బిగుతుగా పట్టుకునేది అదే. తర్వాత హబ్‌ని బేరింగులోకి దింపేటప్పుడు అడుగు నుంచి లోపలి రింగుకి సపోర్టు ఇవ్వాలి. ఇది తప్పి నకిల్‌ని నేల మీద పెట్టి హబ్ నెత్తిన కొడితే ఆ దెబ్బ హబ్ నుంచి లోపలి రింగుకి, అక్కణ్ణుంచి బాల్స్‌కి, బాల్స్ నుంచి బయటి రింగుకి వెళ్తుంది. బాల్ ఆనేది సూది మొనంత చోట, అంత చిన్న చోట అంత దెబ్బ పడితే రింగు మీద గుంట పడకుండా ఎలా ఉంటది. ఆ రోజు సౌండు రాదు, బండి బాగానే పోతుంది, కొన్ని నెలల తర్వాత ఆ గుంటల దగ్గర పెచ్చులు లేచి ఊఁ అని మొదలవుతుంది.

సామాన్ల విషయానికొస్తే బేరింగు, దాంతో పాటు కొత్త డ్రైవ్ షాఫ్ట్ (ఇంజను నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) నట్, కొత్త లాక్ అంటే బేరింగు జారకుండా నకిల్ గాడిలో కూర్చునే సర్క్లిప్, టై రాడ్ (స్టీరింగు నుంచి చక్రాన్ని మలిపే కడ్డీ) దగ్గర స్ప్లిట్ పిన్ను, ఇవి నాలుగూ కొనాలి. నట్ పాతదే వాడొచ్చు అంటారు, వద్దు, అది ఒకసారి అంచు నొక్కి లాక్ చేసే రకం, పాత చోటే మళ్ళీ నొక్కితే పట్టు ఉండదు. బేరింగు వెయ్యి రూపాయల పైచిలుకు, ఎన్‌ఎస్‌కే, ఎన్‌టీఎన్, ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ అన్నీ దొరుకుతాయి, జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీ కూడా మంచిదే, 1946 నుంచి ఉన్న కంపెనీ. ఏదైనా పర్లేదు గానీ నకిలీ కాకుండా చూసుకోండి, ఎస్‌కేఎఫ్ వాళ్ళకైతే అసలో నకిలీనో చూసుకోడానికి ఒక యాప్ కూడా ఉంది. మాది ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, లేని మోడల్ కాబట్టి ఒక తలనొప్పి తప్పింది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కదా, అలాంటి చాలా బండ్లకి బేరింగు సీల్‌లోనే ఒక వైపు మాగ్నెట్ రింగు ఉంటది, ఆ వైపు చక్రం స్పీడు చూసే సెన్సారు ఉన్న దిక్కుకి రావాలి. తిప్పి పెడితే డ్యాష్ బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్ళీ మొత్తం విప్పాల్సిందే, అందులోనూ ఒకసారి ప్రెస్ చేసి పీకిన బేరింగు మళ్ళీ వాడటానికి పనికిరాదు. ఏ వైపో తెలియకపోతే చిన్న గుండుసూది ఆనించి చూడండి, మాగ్నెట్ వైపు సన్నగా లాగుతుంది. అలాగని ఆ బేరింగుని స్పీకరు దగ్గరా అయస్కాంతాల దగ్గరా పెట్టకండి.

పని మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. మేము అంటే నేనూ మా బామ్మర్దీ. ఒక్కరే చేసే పని కాదు ఇది, బ్రేకు తొక్కడానికైనా ఒకళ్ళు కావాలి.

విప్పే ముందు ఇంకోసారి రూఢి చేసుకున్నాం. జాకీ లేపి చక్రాన్ని పైనా కిందా, అంటే గడియారంలో 12 దగ్గరా 6 దగ్గరా పట్టుకుని ఊపితే కొంచెం ప్లే, అంటే వదులు, తగిలింది. ప్లే ఉంటే బేరింగే అని అనుకోకూడదు, కింద నకిల్‌ని బండికి కలిపే బాల్ జాయింటు పోయినా ఇలాగే ఊగుతుంది. తేడా తెలియాలంటే ఒకళ్ళు బ్రేకు తొక్కి పట్టుకోవాలి, బ్రేకు పట్టుకున్నప్పుడు ఊగడం ఆగిపోతే బేరింగు, అప్పుడు కూడా ఊగితే బాల్ జాయింటు. 3 దగ్గరా 9 దగ్గరా పట్టుకుంటేనే ఊగుతుందంటే టై రాడ్ ఎండ్ చూసుకోవాలి. ఇంకొకటి, నాకు బాగా నచ్చిన పద్ధతి, ఒక చెయ్యి షాక్ అబ్జార్బర్ స్ప్రింగు మీద పెట్టి ఇంకో చేత్తో చక్రం తిప్పడం. బాగున్న వైపు చేతికి ఏమీ తెలియదు. మా కుడి వైపు స్ప్రింగులో ఇసుక రాపిడి లాంటి గరగర చేతికి స్పష్టంగా తెలిసింది, చెవికి వినపడనిది కూడా వేళ్ళకి తెలిసిపోతుంది.

మళ్ళీ కిందకి దింపి అసలు పని. డ్రైవ్ షాఫ్ట్ నట్ చక్రం నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి, జాకీ మీద ఉన్న బండి మీద అంత బలం పెట్టకూడదు. మధ్యలో మూత తీసి, నట్ అంచుని షాఫ్టు గాడిలోకి నొక్కి ఉన్న చోట చిన్న ఉలితో ముందు పైకి లేపాలి, లేపకుండా తిప్పితే షాఫ్టు మరలు పాడవుతాయి. చిన్న కార్లకి ఎక్కువగా 30 గాని 32 గాని సాకెట్ పడుతుంది, ముందే కొలుచుకుని తెచ్చుకోండి. బామ్మర్ది బ్రేకు మీద నిలబడినంత పని చేసాడు, నేను పానాకి నాలుగడుగుల జీఐ పైపు తొడిగి లాగితే మొదట కదల్లేదు, లోపల నుంచి "బావా, బండే కదుల్తుంది" అంటున్నాడు, హ్యాండ్ బ్రేకు వేసి వెనక చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి మళ్ళీ లాగితే అప్పుడు టక్‌మని వదిలింది. వీల్ నట్లు కూడా ఈ దశలోనే పావు చుట్టు వదులు చేసి పెట్టుకోవాలి.

తర్వాత జాకీ లేపి స్టాండు పెట్టాం. దీని గురించి కచ్చితంగా చెప్పాలి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టి పని చెయ్యొద్దు, ఇటుకలు పేర్చి వాటి మీద ఆనించడం అసలు వద్దు, ఇటుక బరువు మోస్తున్నట్టే ఉండి ఒక్కసారిగా పిండి అయిపోతుంది. ఈ పనిలో సుత్తి దెబ్బలు, లాగడాలు చాలా ఉంటాయి, బండి కదులుతుంది. స్టాండు ఎనిమిది వందలో వెయ్యో, అంతకన్నా మంచి ఖర్చు ఇందులో ఇంకోటి లేదు. తీసిన చక్రాన్ని కూడా బండి కింద అడ్డం పడుకోబెట్టాం.

డిస్కుని పట్టి బ్రేకు వేసే కాలిపర్ బోల్టులు తీసి కాలిపర్‌ని బైండింగ్ వైరుతో స్ప్రింగుకి కట్టేసాం, బ్రేకు గొట్టం మీద దాని బరువు వేలాడనివ్వకూడదు. డిస్కు హబ్‌కి తుప్పుతో అతుక్కుపోయి ఉంది, సుత్తి అవసరం లేదు, డిస్కులోనే రెండు మర చిల్లులు ఉంటాయి, వాటిల్లో 8 మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగిస్తూ పోతే డిస్కు దానంతట అదే లేచొచ్చింది. టై రాడ్ ఎండ్ స్ప్లిట్ పిన్ను తీసి నట్ విప్పాక బోల్టు నెత్తిన కొట్టడం చాలామంది చేస్తారు, మర పోతుంది. నకిల్ చెయ్యి చివర గుండ్రంగా ఉన్న చోట ఒక వైపు బరువైన సుత్తి ఆనించి రెండో వైపు ఇంకో సుత్తితో గట్టిగా కొడితే, లోపల కూరుకున్న ఆ కోను పట్టు వదిలి కింద పడుతుంది. మాకు నాలుగైదు దెబ్బలకే ఊడింది. కింద బాల్ జాయింటుకి ఒక బోల్టే, దాన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటకి లాగాలి, ఎందుకంటే అది బాల్ జాయింటు కాడకి ఉన్న గాడిలో అడ్డంగా కూర్చుంటుంది. పైన షాక్ అబ్జార్బర్‌కి రెండు బోల్టులు, విప్పే ముందు నకిల్ ఎక్కడ కూర్చుందో ఉలితో సన్నగా గీత గీసి పెట్టుకున్నాం, చక్రం వాలు మళ్ళీ దగ్గర దగ్గరగా అక్కడికే రావాలంటే ఆ గీత ముఖ్యం.

డ్రైవ్ షాఫ్ట్‌ని హబ్ లోంచి నెట్టేటప్పుడు నట్‌ని చివరి వరకు తిప్పి పెట్టి దాని మీద చెక్క ఉంచి కొట్టాం, మర చెడకుండా. బయటకి వచ్చాక షాఫ్ట్‌ని కూడా వైరుతో పైకి కట్టాలి, లాగకూడదు, లాగితే గేర్‌బాక్సు వైపు జాయింటు లోపల ఊడిపోవచ్చు, ఆయిలు కూడా కారొచ్చు. ఇంతా చేస్తే నకిల్ చేతికొచ్చింది. బరువుగా ఉంటది, కాళ్ళ మీద పడేసుకోకండి.

ఇక్కడి నుంచి ప్రెస్ పని. ఇంటి దగ్గర పొడుగు థ్రెడ్ రాడ్డు, వాషర్లు, పైపు ముక్కలతో లాగి కూర్చోబెట్టేవాళ్ళు ఉన్నారు, ఆన్‌లైన్‌లో కిట్లు కూడా దొరుకుతాయి. నేను మాత్రం హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపునే నమ్ముకున్నా, ఆటోనగర్ పక్కనే ఉన్నప్పుడు ఆ తిప్పలు ఎందుకు. ఆదివారం కూడా తీసి ఉంటానని ఒక పెద్దాయన ముందే చెప్పాడు. కొత్త బేరింగుని ముందు రాత్రే ఫ్రీజర్లో పెట్టా, చెమ్మ తగలకుండా జిప్పు కవర్లో వేసి. మా ఆవిడ "ఏవండీ, ఇదేంటి ఐస్‌క్రీమ్ పక్కన" అంది, విషయం చెప్పాక చేపలు తెచ్చుకునే థర్మోకోల్ డబ్బాలో ఐసు వేసి తనే సర్ది ఇచ్చింది. ఇది ఉత్త నమ్మకం కాదు, లెక్క ఉంది. స్టీలు ఒక మీటరు పొడవుకి ఒక డిగ్రీ చలికి దాదాపు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కుదించుకుంటుంది. బేరింగు బయటి వ్యాసం 70 మిల్లీమీటర్లు అనుకుంటే, మన మే ఎండలో 40 డిగ్రీల నుంచి ఫ్రీజర్లో మైనస్ 18కి వెళ్తే 58 డిగ్రీల తేడా, లెక్కేస్తే 0.05 మిల్లీమీటర్లు తగ్గుతుంది. నకిల్‌లో బేరింగుకి ఉండే బిగుతు కూడా మిల్లీమీటరులో వందో వంతుల్లోనే ఉంటది కాబట్టి ఆ కాస్త తగ్గడమే చాలా తేడా చూపిస్తుంది. దారిలో కొంత వేడెక్కినా మొత్తం లాభం పోదు.

ఆ ప్రెస్ ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచా. ముందు హబ్ నెట్టించాడు. హబ్ వచ్చింది గానీ ఎప్పుడూ జరిగేదే, లోపలి రింగులో ఒక సగం హబ్‌తో పాటే వచ్చేసింది. దాన్ని కట్టింగ్ మిషన్‌తో ఒక చోట అడ్డంగా గాటు పెట్టాడు, పూర్తిగా కొయ్యలేదు, హబ్ కాడకి గీత పడితే హబ్ పనికిరాదు కదా, వెంట్రుకంత మిగిల్చి అక్కడ ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే రింగు టక్‌మని పగిలి జారిపోయింది. గట్టి స్టీలు కాబట్టి వంగదు, పగులుతుంది. తర్వాత లాక్ తీసి, లాక్ ఉన్న వైపుకే బేరింగుని నెట్టాడు.

పాత బేరింగు చేతికి రాగానే నేను అక్కడే కూర్చుని విప్పి చూసా. గుడ్డతో గ్రీజు తుడిచి ఫోన్ టార్చి వేసి బయటి రింగు లోపలి దారి చూస్తే చుట్టూరా ఒకే దూరంలో చిన్న చిన్న నొక్కులు, ఒక దానికీ ఇంకో దానికీ మధ్య దూరం బాల్స్ మధ్య ఎంత ఉందో అంత. గోరు పెట్టి నడిపితే ఒక్కొక్క దాని దగ్గర సన్నగా ఆగుతుంది. రెండు చోట్ల పైపొర పెచ్చులా లేచింది. గ్రీజు మాత్రం కొత్త దానిలా శుభ్రంగా ఉంది, తుప్పు చుక్క లేదు. వరద బేరింగు, మొదట్లో పీకింది, అది కూడా నేను కవర్లో తీసుకెళ్ళా. దాంట్లో గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో నురగలా అయిపోయింది, నీళ్ళు కలిస్తే అంతే, రింగు మీద తుప్పు తిన్న గుంటలు ఇష్టం వచ్చినట్టు ఎక్కడంటే అక్కడ ఉన్నాయి, వరస లేదు. రెండూ పక్క పక్కన బల్ల మీద పెట్టి చూస్తే ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు, ఒకటి నీళ్ళకి పోయింది, ఇంకోటి సుత్తికి పోయింది. బాబాయ్ రెండో దాన్ని వెలుతురులోకి తిప్పి "ఇది బండి మీద పాడవలేదు బాబూ, బండిలోకి ఎక్కకముందే పాడైంది" అన్నాడు. డూప్లికేట్ అని నాకు చెప్పిన మాటకి సమాధానం అదే.

నకిల్ లోపల ఎమెరీ పేపరుతో తుప్పు మాత్రమే తీసాం, ఎక్కువ రుద్దితే వదులైపోతుంది, లాక్ గాడిని సన్న స్క్రూ డ్రైవరుతో గీకి శుభ్రం చేసాం. బాబాయ్ దగ్గర గోడ పక్కన పాత బేరింగు రింగులు, పైపు ముక్కలు రకరకాల సైజులవి ఒక గుట్ట ఉంది, అందులోంచి కొలిచి కొలిచి ఒక రింగు తీసాడు, కొత్త బేరింగు బయటి రింగు మీదే ఆనాలి, నకిల్ గోడకి తగలకూడదు, బాల్స్ వైపు రాకూడదు. ఐసు డబ్బా లోంచి బేరింగు తీసి తుడిచి నూనె చెయ్యి రాసి పెడితే మొదటి మూడు నాలుగు మిల్లీమీటర్లు బొటనవేళ్ళతోనే దిగింది. ప్రెస్ మొదలెట్టాక ఒక వైపు వాలినట్టు అనిపిస్తే ఆగి సరిచేసాడు, వంకరగా దిగిన బేరింగుని బలంతో నెడితే నకిల్ గోడ గీసుకుపోతుంది. అడుగుకి చేరగానే ప్రెస్ గేజీలో ముల్లు ఒక్కసారి పైకి లేచింది, అంతే, వెంటనే ఆపాడు. లాక్ గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసాం.

తర్వాత అసలు ఘట్టం, హబ్. నకిల్‌ని తిప్పి పెట్టే ముందే "బాబాయ్, లోపలి రింగు కింద" అన్నా. ఆయన నవ్వి అప్పటికే చేతిలో పట్టుకున్న చిన్న పైపు ముక్క చూపించాడు. దాన్ని సరిగ్గా లోపలి రింగు కింద నిలబెట్టి, నకిల్ బరువంతా దాని మీదే ఉంచి పై నుంచి హబ్‌ని ప్రెస్ చేసాడు. చప్పుడు లేదు, ఠంగుమనడం లేదు, నూనె పంపు కొడుతున్న సౌండు తప్ప. చేత్తో హబ్ తిప్పితే సీళ్ళ బిగుతు కొంచెం తగులుతూ నున్నగా తిరిగింది. డబ్బులు మూడొందలు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి బిగించడం విప్పిన దానికి వెనక నుంచి ముందుకి. షాఫ్టు పళ్ళు తుడిచి పల్చగా గ్రీజు రాసి హబ్ లోకి ఎక్కించాం, బాల్ జాయింటు, షాక్ అబ్జార్బర్ బోల్టులు గీసిన గీతకి కలిపి, టై రాడ్‌కి కొత్త పిన్ను, డిస్కు, కాలిపర్. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తా, డ్రైవ్ షాఫ్ట్ నట్ బిగించకుండా చక్రం మీద బండి బరువు పెట్టి కదిలించొద్దు. ఈ బేరింగులో లోపలి రింగు రెండు సగాలుగా ఉంటది, ఆ రెండిటినీ దగ్గరికి నొక్కి పట్టుకునేది ఈ నట్టే, అది వదులుగా ఉండగా బరువు పడితే కొత్త బేరింగు ఆ పది అడుగుల్లోనే దెబ్బ తింటుంది. కాబట్టి బండి స్టాండు మీద ఉండగానే బామ్మర్దిని బ్రేకు తొక్కమని, నట్‌ని టార్క్ పానాతో బిగించాం. చాలా చిన్న కార్లకి ఇది 175 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్యలో ఉంటది, మీ బండికి ఎంతో సర్వీసు మాన్యువల్లో చూసి అంతే పెట్టండి, అందాజాగా వద్దు. ఒక ఊహకి చెప్తున్నా, 200 అంటే మీటరు పొడుగు పైపు చివర 20 కేజీల బస్తా వేలాడదీసినంత బలం. ఎయిర్ గన్నుతో గర్రుమని బిగించడం కూడా మంచిది కాదు, ఎంత బిగిసిందో తెలియదు. బిగించాక నట్ అంచుని షాఫ్టు గాడిలోకి మొద్దు ఉలితో నొక్కి లాక్ చేసాం.

బండి దించాక స్టార్ట్ చేసే ముందు బ్రేకు పెడల్ గట్టి పడేదాకా చాలాసార్లు తొక్కాలి. కాలిపర్ తీసి పెట్టినప్పుడు పిస్టన్ లోపలికి వెళ్ళి ఉంటది, తొక్కకుండా గేరేసి కదిలితే మొదటి బ్రేకు నేలకి పోతుంది, గేటు ముందే గుద్దుకుంటాం. ఇది మర్చిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి మేము స్టీరింగుకి కాగితం అంటించి పెట్టుకున్నాం.

సాయంత్రం వారధి దాటి మంగళగిరి వరకు వెళ్ళొచ్చాం. 60, 80, 90, స్టీరింగు ఎడమకి, కుడికి, ఏమీ లేదు, గాలి సౌండు టైరు సౌండు అంతే. బామ్మర్ది కిటికీ దించి తల బయట పెట్టి విని "బావా, ఇప్పుడు ఇంజను సౌండు కూడా వినపడుతుంది" అన్నాడు, ఇన్నాళ్ళూ ఆ ఊఁ కింద అది కూడా మరుగునపడిపోయింది మరి. ఆగి హబ్ మధ్యలో చెయ్యి పెట్టి చూసాం, రెండు వైపులా ఒకేలా గోరువెచ్చగా ఉంది, ఒక వైపే చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఏదో తేడా ఉన్నట్టు.

మర్నాడు అలైన్‌మెంట్ చేయించా, గీత పెట్టుకున్నా సరే షాక్ అబ్జార్బర్ బోల్టులు విప్పిన బండికి అలైన్‌మెంట్ తప్పదు. వరదలో మునిగిన మా వీధి బండ్లలో ఇంకా ఇద్దరు ముగ్గురికి ఈ సౌండు మొదలైంది, ఎదురింటి వాళ్ళ వ్యాగనార్ మొన్న చూసాం, స్ప్రింగు మీద చెయ్యి పెడితే అదే గరగర. మా ఎడమ వైపుది కూడా అవే నీళ్ళల్లో నానింది కాబట్టి అది ఎక్కువ రోజులు ఆగదని నాకు తెలుసు, ప్రతి నెలా ఒకసారి జాకీ లేపి చెయ్యి పెట్టి చూస్తున్నా, బేరింగు, నట్, లాక్, పిన్ను కొని బీరువాలో పెట్టేసా, బాబాయ్‌కి కూడా చెప్పి ఉంచా.